గులాబీ ఆకుల మీద నీళ్ళు కొట్టొచ్చా, అస్సలు పడనివ్వకూడదా? ఎండ, ఉక్కపోత రెండూ ఉన్నచోట ఏది కరెక్టు

మొగ్గకోసం:
అందరికీ నమస్తే. నా దగ్గర 11 గులాబీ మొక్కలున్నాయి, ఎక్కువ హైబ్రిడ్ టీలే (పొడుగు కాడకి పెద్ద పువ్వు పూసే సంకర రకం గులాబీలు), అన్నీ అంటు మొక్కలు. ఎండ విపరీతంగా ఉంటుంది, దానికి తోడు గాల్లో తేమ, అర్ధరాత్రి కూడా ఆరేసిన బట్ట ఆరదు, అలాంటి వాతావరణం. రెండేళ్ళ నుంచి నేను గట్టిగా పట్టుకున్న నియమం ఒక్కటే, ఆకు మీద చుక్క నీరు పడకూడదు, పడితే నల్లమచ్చ తెగులు వస్తుంది అని. అందుకే మగ్గుతో పాదులోనే పోస్తాను. అయినా వచ్చింది. కింది ఆకుల్లో మొదలై పైకి ఎక్కుతోంది, ఆకు పసుపు తిరిగి ముట్టుకుంటే చేతిలోకొచ్చేస్తోంది. అది చాలదన్నట్టు ఎండలు ముదిరాక ఎర్రనల్లి (ఆకు రసం పీల్చే కంటికి ఆనని పురుగు) కూడా పట్టింది, ఆకులన్నీ దుమ్ము కొట్టినట్టు పాలిపోయాయి. ఇప్పుడు ఒకరేమో పైపు పెట్టి మొక్కంతా కడిగెయ్యమంటున్నారు, ఇంకొకరు అలా చేస్తే నువ్వే చేజేతులా చంపుకున్నట్టు అంటున్నారు. ఇద్దరూ ఏళ్ళ తరబడి గులాబీలు పెంచినవాళ్ళే. ఎవరి మాట వినాలో నిజంగా తెలియట్లేదు, చెప్పండి.

పాదుమట్టి:
కడగొద్దండి, నా మాట వినండి. నల్లమచ్చ అనేది బూజు జాతి తెగులు, దాని బీజాలు మొలకెత్తి ఆకులోకి దిగాలంటే ఆకు కనీసం 7 గంటలు ఆగకుండా తడిగా ఉండాలి, దిగిన తర్వాత 3 నుంచి 10 రోజుల్లో మచ్చ కనపడుతుంది. అంటే ఇవాళ మీకు కనపడే మచ్చ పోయిన వారం తడిది. మన చేతిలో లేని వాన ఎలాగూ ఉంది, చేతిలో ఉన్న నీళ్ళు కూడా ఆకు మీద పోయడమెందుకు? పాదులో పొయ్యండి, వేరుకి అందితే చాలు. నేను పదేళ్ళుగా ఇదే చేస్తున్నా.

తెల్లారిపైపు:
పాదుమట్టి గారూ, మీరు చెప్పిన 7 గంటల లెక్క కరెక్టే, కానీ ఆ లెక్క మీ మాటకే ఎదురు తిరుగుతుంది చూడండి. తేమ ఎక్కువున్న చోట పొద్దుగూకాక ఆకు మీద మంచు పడుతుంది, పొద్దున ఎండ తగిలేదాకా అది ఆరదు, అంటే మనం పైపు ముట్టుకోకుండానే ఆకు పది గంటలు తడిసే ఉంటోంది. నేను పొద్దున ఏడింటికి, ఆ మంచు ఇంకా ఆరకముందే నీళ్ళు కొడితే తడి గంటలు ఎంత పెరుగుతాయి? ఎండ, గాలి బాగా తగిలే చోటైతే గంటలో ఆరిపోతుంది. సాయంత్రం కొట్టేవాళ్ళది వేరే సంగతి, వాళ్ళు తెల్లార్లూ ఆకుని నానబెడుతున్నారు, అది తప్పే.

ఇంకోటి, ఎర్రనల్లికి నీళ్ళని మించిన మందు లేదు. అది ఆకు అడుగున సన్నటి గూడు అల్లుకుని ఉంటుంది, వేడి, పొడి ఉంటే గుడ్డు నుంచి పెద్ద నల్లి అవ్వడానికి వారం పది రోజులు చాలు. ఆకు మీద తెల్ల పొడిలా పట్టే బూడిద తెగులు కూడా నల్లమచ్చకి పూర్తిగా ఉల్టా, ఆకు మీద నీటి పొర ఉంటే దాని బీజాలు సరిగ్గా మొలకెత్తవు, గాల్లో తేమ ఉంటే చాలు దానికి. కాబట్టి ఆకు తడిస్తే రోగం అని ఒక్క మాటలో తేల్చేస్తే నల్లమచ్చని ఆపబోయి మిగతా రెండింటికీ తలుపు తీసినట్టే.

పాదుమట్టి:
మంచుకీ పైపుకీ ఒక పెద్ద తేడా వదిలేశారు మీరు. మంచు ఆకుని తడుపుతుందే గానీ చుక్క ఎగరదు. నల్లమచ్చ బీజాలు జిగురుగా ఉంటాయి, గాలికి లేచిపోయేవి కావు, అవి ఒక ఆకు నుంచి ఇంకో ఆకుకి వెళ్ళేది ముఖ్యంగా నీటి చుక్క చిందినప్పుడే. మీరు పైపుతో కింది నుంచి పైకి కొడుతున్నప్పుడు మచ్చలున్న ఆకు మీద పడిన ధార చింది పై ఆకుల మీద పడుతుంది, ఆ రాత్రి మంచు కురిస్తే ఇక దానికి కావల్సిన 7 గంటలు వచ్చేసినట్టే కదా. అంటే మీరు విత్తనం చల్లుతున్నారు, మంచు నీళ్ళు పోస్తోంది. నల్లికి నీళ్ళు మంచివే, కాదనను, కానీ మచ్చలున్న మొక్కకి మాత్రం వద్దు అంటున్నా.

తెల్లారిపైపు:
ఈ పాయింటు ఒప్పుకుంటా, చిందడం నిజం. అందుకే నేను ముందు మచ్చాకులన్నీ తెంపి కవర్లో కట్టి పారేసి, కింద రాలినవి ఏరేసి, ఆ తర్వాతే కడుగుతా. ముందే చెప్పాల్సింది.

స్ప్రేయర్ భుజాన:
నీళ్ళ గురించి ఇంత గొడవ దేనికి అసలు? ఉక్కపోత ఉన్నచోట హైబ్రిడ్ టీ పెంచాలంటే మందు కొట్టాల్సిందే, వేరే దారి లేదు. వానాకాలం మొదలవ్వకముందే మొదలుపెట్టాలి, ఎందుకంటే మాంకోజెబ్, క్లోరోథలోనిల్ లాంటివి ఆకు పైన కాపలా కాసేవి, లోపలికి దిగిన తెగుల్ని ఏమీ చెయ్యలేవు. మచ్చ పడ్డ ఆకు ఏ మందుకీ మళ్ళీ పచ్చబడదు, కొత్త ఆకుని కాపాడుకోవడమే. చాలామంది చేసే పొరపాటు ఏంటంటే ఒక వారం టెబుకొనజోల్, ఇంకో వారం ప్రోపికొనజోల్ కొట్టి మార్చి మార్చి వాడుతున్నాం అనుకుంటారు, ఆ రెండూ ఒకే గ్రూపు మందులు, డబ్బా మారింది గానీ తెగులు మీద పనిచేసే తీరు మారలేదు, కొన్నాళ్ళకి తెగులు దానికి అలవాటు పడిపోతుంది. లేబుల్ మీద గ్రూపు నంబరు ఉంటే అది చూసి మార్చండి. ఒంటికి, ముక్కుకి, కళ్ళకి రక్షణ లేకుండా మాత్రం కొట్టకండి.

వేపకషాయం:
భుజాన గారూ, వారం వారం మందు కొట్టిన మొక్కల్లోనే నల్లి ఎక్కువ పడుతుంది, ఇది నేను కళ్ళారా చూశా. ముఖ్యంగా పైరిత్రాయిడ్ లాంటి పురుగుమందు కలిపి కొట్టేవాళ్ళ దగ్గర. అది నల్లిని తినే మిత్ర పురుగుల్ని ముందు చంపేస్తుంది, నల్లి మిగిలిపోతుంది, అడ్డు లేక రెట్టింపవుతుంది. నేను వేపనూనె మాత్రమే వాడతా.

స్ప్రేయర్ భుజాన:
పురుగుమందు గురించి మీరన్నది నిజమే, నేను తెగులు మందు గురించే చెప్పా, రెండూ కలపను. కానీ మీ వేపనూనె విషయంలో కూడా జాగ్రత్త చెప్పాలి కదా. 32 డిగ్రీలు దాటిన ఎండలో నూనె కొట్టినా గంధకం కొట్టినా ఆకు మాడిపోతుంది, చిగుళ్ళు ముందు పోతాయి. ఆ రెండూ దగ్గర దగ్గర రోజుల్లో కొడితే ఇంకా నాశనం. సహజం అనగానే మొక్కకి ఏమీ కాదు అనుకోవడం తప్పు.

పాతగులాబి:
ఇంతసేపు చదివి రాస్తున్నా, కొంచెం పెద్దగా ఉంటుంది. మీరంతా జబ్బు మనిషికి ఏ మందు అని కొట్టుకుంటున్నారు, అసలు ఆ మొక్క ఆ వాతావరణానికి సరిపోయేదేనా అని ఎవరూ అడగలేదు. గులాబీ ఉక్కపోతకి పుట్టలేదు అనే మాట సగమే నిజం. టీ గులాబీలు, చైనా గులాబీలు ఉన్నాయే, వాటి మూలం చైనా వైపుది, వాటికి చలి నిద్ర అక్కర్లేదు, ఏడాదంతా పూస్తాయి. నాయిజెట్ అనే రకం మొదలైందే అమెరికాలో చార్లెస్టన్ దగ్గర, 19వ శతాబ్దం మొదట్లో, అది ఉడుకూ తేమా రెండూ ఉన్న ఊరు. మరి మనం కొనే మెరిసే హైబ్రిడ్ టీలకి ఇంత నల్లమచ్చ ఎందుకంటే దానికో కథ ఉంది. ముదురు పసుపు రంగు గులాబీ కోసం ఫ్రాన్స్‌లో పెర్నే దుషే అనే ఆయన పర్షియన్ ఎల్లోతో సంకరం చేసి 1900లో సొలెయ్ డోర్ అనే రకం తెచ్చాడు. ఆ పర్షియన్ ఎల్లో పొడి దేశాల జాతి, నల్లమచ్చకి అస్సలు ఆగదు. తర్వాత వచ్చిన పసుపు, నారింజ, రెండు రంగుల పూలలో చాలావాటికి ఆ రక్తం వచ్చింది, రంగుతో పాటు ఆ బలహీనత కూడా వచ్చింది.

నా దగ్గర డచెస్ డి బ్రాబాంట్ ఉంది, 1857 నాటి టీ గులాబీ, గిన్నెలాంటి లేత గులాబీ రంగు పువ్వు, తల కాస్త వంచుకుని ఉంటుంది. మ్యుటబిలిస్ ఉంది, దాని పువ్వు పసుపుగా విచ్చుకుని, గులాబీ రంగుకి మారి, రాలేముందు ఎర్రబడుతుంది, ఒకే మొక్క మీద మూడు రంగులూ కనపడతాయి. వీటికి మచ్చలు రావా అంటే వస్తాయి, వానల్లో కొన్ని ఆకులు రాలుస్తాయి, కానీ నెల తిరక్కుండా మళ్ళీ తొడుగుతాయి. ఏ మందూ కొట్టను. ఒక్కటే షరతు, వీటిని హైబ్రిడ్ టీలా మోకాలి ఎత్తుకి నరికితే అలిగినట్టు కూర్చుంటాయి, ఎండుపుల్లలు తీసి కొసలు మాత్రం కత్తిరించాలి. కొత్త వాటిల్లో కావాలంటే 2000లో వచ్చిన నాకౌట్ నల్లమచ్చకి బాగా తట్టుకుంటుందని పేరు తెచ్చుకుంది.

మొగ్గకోసం:
పాతగులాబి గారూ మీరు రాసింది రెండుసార్లు చదువుకున్నా. కానీ ఒకటి చెప్పాలి, నాకు ఆ నిలువు కాడ, గుండ్రంగా చుట్టుకుని ఉండే ఆ మొగ్గ ఇష్టం, దానికోసమే గులాబీ మొదలుపెట్టా. మొక్క మార్చెయ్యమంటే అది నా ప్రశ్నకి జవాబు కాదు కదండి.

పాతగులాబి:
అర్థమైంది తల్లీ. ఉన్నవి పీకెయ్యమని అనట్లేదు, కొత్తగా కొనేటప్పుడు ఆలోచించమంటున్నా అంతే.

భూతద్దం:
మొగ్గకోసం గారూ, అందరూ నల్లమచ్చ అని ఖాయం చేసేసుకుని మాట్లాడుతున్నారు, మీరు ఒక్కసారి ఆకు తెంపి వెలుతురుకి పట్టుకుని చూడండి. నల్లమచ్చ అయితే అంచు గీత గీసినట్టు ఉండదు, సిరా చుక్క కాగితం మీద పీల్చుకున్నట్టు, పీచు పీచుగా పక్కకి పాకి ఉంటుంది, చుట్టూ పసుపు. వేడి తేమ చోట్ల సెర్కోస్పోరా అని ఇంకో ఆకుమచ్చ బాగా వస్తుంది, దాని అంచు నున్నగా గుండ్రంగా ఊదారంగులో ఉంటుంది, మధ్యలో బూడిద లేదా మట్టి రంగు. దాన్నీ నల్లమచ్చే అనుకుంటారు చాలామంది. నల్లమచ్చకి తట్టుకునే రకం కొని, దానికి ఇది వస్తే మోసం చేశారనుకుంటారు. నల్లికైతే తెల్లకాగితం మీద ఆకు తట్టి చూడండి.

మొగ్గకోసం:
ఇవాళ పొద్దున ఒక గంట మొక్కల దగ్గరే కూర్చున్నా. నాలుగు మొక్కల్లో పీచు అంచు మచ్చలే, అంటే నల్లమచ్చే. రెండింటిలో మాత్రం గుండ్రంగా, మధ్యలో బూడిద రంగు, మీరు చెప్పినట్టే ఉంది, ఇన్నాళ్ళూ రెండూ ఒకటే అనుకున్నా. కాగితం మీద తడితే మిరియంలో పదో వంతు కూడా లేని చుక్కలు పడ్డాయి, దుమ్మేమో అనుకునేలోపే నడవడం మొదలుపెట్టాయి, వేలితో రుద్దితే ఎర్రటి గీత.

కానీ అసలు చెప్పాల్సింది ఇది. కింది ఆకుల అడుగుభాగం చూస్తే ఎండిపోయిన మట్టి చుక్కలు, వరసగా, అన్ని మొక్కలకీ. నేను నడుం ఎత్తు నుంచి మగ్గుతో పోస్తున్నా, పాదు బోడిగా ఉంటుంది, నీళ్ళు ధబ్బుమని పడి చిందుతున్నాయి. పైగా రాలిన ఆకులు మట్టిలో కలిసి ఎరువవుతాయి కదా అని పాదులోనే వదిలేస్తున్నా. ఆకు మీద చుక్క పడనివ్వను అనుకుంటూ రెండేళ్ళుగా రోజూ రోగం ఉన్న ఆకుల మీద నుంచి నీళ్ళు చిందించి కింది ఆకులకి అంటిస్తున్నా. చూడగానే చాలా బాధేసింది, వాటి ముందు అలాగే కూర్చుండిపోయా.

తెల్లారిపైపు:
బాధపడకండి మేడమ్, మీరు కనిపెట్టారు అదే గొప్ప. రాలిన ఆకులన్నీ ఏరి బయట పారెయ్యండి, కంపోస్టులో కూడా వెయ్యకండి. పాదులో రెండు మూడంగుళాల మందాన ఎండు ఆకులో (గులాబీవి కాకుండా) కొబ్బరి పీచో పరవండి, కాండానికి తగలకుండా నాలుగు వేళ్ళు వదిలి. చిందదు, వేరు కూడా చల్లగా ఉంటుంది. నేల నుంచి ఒక అడుగు ఎత్తు వరకు కింది ఆకులు తీసెయ్యండి. నల్లి ఉన్న మొక్కల్ని మాత్రం రెండు మూడు రోజులకోసారి, ఆకు అడుగున తగిలేలా కడగండి, ఒక్కసారి కడిగి వదిలేస్తే గుడ్లు ఉంటాయి, మళ్ళీ వస్తుంది.

పాదుమట్టి:
చిందడమే అసలు దారి అని నేను మొదట్నుంచీ అంటున్నదే. అయినా ఆ నాలుగు నల్లమచ్చ మొక్కల్ని కడగమంటే ఇప్పటికీ నేను ఒప్పుకోను, వాటికి నల్లి పడితే తడిబట్టతో ఆకు అడుగు తుడవండి, నాలుగే కదా. మొక్కల మధ్య ఎంత దూరం ఉంది? గాలి ఆడకపోతే పొద్దున ఏడింటికి కొట్టినా పదకొండింటికి కూడా ఆరదు.

మొగ్గకోసం:
రెండు మొక్కలు గోడ మూలలో ఉన్నాయి, మిగతావి అడుగున్నర దూరంలో. మూలలో ఉన్న రెండూ నల్లమచ్చవే, అక్కడ ఎండ పదింటికి గానీ రాదు. వాటిని జరుపుతా. ఆ నాలుగింటికి తడిబట్ట, నల్లి ఉన్న మిగతా వాటికి పొద్దున పైపు, అన్నిటికీ పాదులో పరుపు. భుజాన గారూ, ఆ నాలుగింటికి ఇప్పుడు కొత్త చిగురు వస్తోంది, బియ్యపు గింజంత ఎర్రగా ఉంది, మాంకోజెబ్ ఈ చిగురుకే మొదలుపెట్టాలా, ఆకు కాస్త విప్పుకున్నాకా?

స్ప్రేయర్ భుజాన:
విప్పుకోవడం మొదలవ్వగానే కొట్టండి, పొద్దున చల్లగా ఉన్నప్పుడు, ఆకు అడుగున కూడా. మోతాదు లేబుల్ మీద ఉన్నంతే, ఒక్క చుక్క ఎక్కువ వద్దు. ఆ చిగురు ఫోటో పెట్టండి వారం తర్వాత.