గ్రీన్ సలాడ్: పెరుగు, కొత్తిమీర డ్రెస్సింగ్ పలచబడి ఆకు వాడిపోతోంది, ఎక్కడ సరిచేయాలి?

పచ్చిఆకు
నమస్తే అండీ. రొమైన్ లెట్యూస్, లేత పాలకూర, కీరతో గ్రీన్ సలాడ్, దానికి పెరుగుతో కొత్తిమీర, పుదీనా కలిపిన చిక్కటి డ్రెస్సింగ్ కావాలి. మయొనీస్ వద్దు. ఇప్పుడు చేస్తున్న పద్ధతి: కప్పు పెరుగు, గుప్పెడు కొత్తిమీర, పది పుదీనా ఆకులు, ఒక వెల్లుల్లి రెబ్బ, అర చెక్క నిమ్మరసం, రెండు స్పూన్ల ఎక్స్‌ట్రా వర్జిన్ ఆలివ్ నూనె, ఉప్పు, అన్నీ మిక్సీలో వేసి ఒకేసారి తిప్పడం. డ్రెస్సింగ్ పెరుగు పచ్చడి కన్నా జారుగా వచ్చి ఆకుకి పట్టడం లేదు. తిన్నాక నాలుక మీద చేదు మిగులుతోంది. కొన్ని గంటలకే రంగు మాసిపోతోంది. కలిపిన పావుగంటకి గిన్నె అడుగున నీళ్లు చేరుతున్నాయి. నలుగురికి కొలతలతో చెప్పగలరా?

మూటపెరుగు
ఇబ్బందంతా అన్నీ ఒకేసారి మిక్సీలో వేయడంలో ఉందండీ. తోడుకున్న పెరుగును బ్లేడు తిప్పితే ఆ గడ్డ విరిగి, అందులో పట్టి ఉన్న నీరు బయటికి వస్తుంది. ఎంత గట్టి పెరుగైనా మిక్సీలో మజ్జిగ దారే పడుతుంది.

నలుగురికి ఇలా చేయండి. 350 గ్రాముల గట్టి పెరుగు పల్చటి నూలు గుడ్డలో మూటకట్టి, చిల్లుల గిన్నెలో పెట్టి, కింద ఇంకో గిన్నె ఉంచి నాలుగైదు గంటలు ఫ్రిజ్‌లో వదిలేయండి. వేసవిలో బయట వేలాడదీస్తే పులుస్తుంది, ఆ పులుపు మీద నిమ్మరసం పడితే ఇంక తినలేం. సుమారు సగం బరువు మిగులుతుంది, అందులో 150 గ్రాములు తీసుకోండి. కారిన తేట నీరు పారబోయకండి, చపాతీ పిండి కలపడానికి బాగుంటుంది.

కొత్తిమీర 40 గ్రాములు, లేత కాడలతో సహా. వాసన కాడల్లోనూ ఉంటుంది. పుదీనా 10 గ్రాములు, ఆకు మాత్రమే, కాడ పీచుగా ఉంటుంది. దొరికితే సోయాకూర (డిల్) నాలుగు రెమ్మలు. పచ్చిమిర్చి సగం. వెల్లుల్లి సగం రెబ్బ చాలు. దాన్ని సన్నగా తురిమి ఒక టేబుల్ స్పూను నిమ్మరసంలో పది నిమిషాలు ఉంచితే పచ్చి ఘాటు తగ్గుతుంది.

చట్నీ జార్‌లో ఆకులు, మిర్చి, రెండు టేబుల్ స్పూన్ల రిఫైన్డ్ పొద్దుతిరుగుడు నూనె, రెండు చెంచాల మూట పెరుగు వేయండి. ఆ కాస్త తడి లేకపోతే ఆకులు జార్ గోడకి అంటుకుని బ్లేడుకి అందవు. ఐదారు సెకన్లు తిప్పడం, ఆపి గోడలు గీకడం, మళ్లీ తిప్పడం. ఆగకుండా నిమిషంపాటు తిప్పితే జార్ వేడెక్కి పుదీనా నల్లబడుతుంది. ఆ ముద్దను గిన్నెలోకి తీసి, మిగతా పెరుగు, అర టీస్పూను ఉప్పు, చిటికెడు పంచదార, మిరియాల పొడి వేసి చెంచాతోనే కలపండి. నిమ్మరసం, వెల్లుల్లి ఆఖరున.

చేదు చాలావరకు ఆ నూనె వల్లే. ఎక్స్‌ట్రా వర్జిన్ ఆలివ్ నూనెను మిక్సీలో జోరుగా తిప్పితే అందులోని చేదు పదార్థాలు పైకి తేలతాయి. ఆ రుచి కావాలంటే చివర్లో ఒక చెంచా చేత్తో కలపండి. గానుగ వేరుశెనగ నూనె వద్దు, దాని వాసన ముందు పుదీనా నిలవదు.

కూరలబుట్ట
డ్రెస్సింగ్ ఎంత చక్కగా కుదిరినా ఆకు తడిగా ఉంటే దండగేనండీ. ఈ భాగాన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు.

నలుగురికి 250 గ్రాముల ఆకు. రెక్కలు విడదీసి పెద్ద గిన్నెడు చల్లటి నీళ్లలో ముంచి ఆడించండి. ఐదు నిమిషాలు వదిలితే మట్టి అడుగుకి దిగుతుంది. ఆకును పైనుంచి చేత్తో ఎత్తి తీయాలి, గిన్నె వంపితే దిగిన మట్టి మళ్లీ ఆకు మీదికే వస్తుంది. ఇలా రెండు మూడుసార్లు, చివరిసారి తాగే నీళ్లతో. ఉప్పునీళ్లలో నానబెట్టకండి, ఆకు మెత్తబడుతుంది. కాస్త వాడిన లెట్యూస్ అయితే ఐసు నీళ్లలో పావుగంట ఉంచితే మళ్లీ బిరుసెక్కుతుంది.

తర్వాత ఆరబెట్టడం. సలాడ్ స్పిన్నర్ ఉంటే రెండు విడతలుగా తిప్పండి, నిండా కుక్కితే నీరు పోదు. లేకపోతే పొడి నూలు తువ్వాలు మీద ఒకే వరసలో పరిచి, చాపలా చుట్టి, అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి. వేలితో రాస్తే తడి తగలకూడదు.

అడుగున చేరే నీళ్లలో ఎక్కువ భాగం కీరది. ఉప్పు తగలగానే అది నీరు వదులుతుంది. మధ్యలో గింజల భాగం చెంచాతో గీకేసి, ముక్కలకి పావు టీస్పూను ఉప్పు పట్టించి పది నిమిషాలు ఆగి, నీరు వార్చి, గుడ్డతో అద్దండి. అప్పుడు డ్రెస్సింగ్‌లో ఉప్పు కొంచెం తగ్గించాలి.

చిక్కటి డ్రెస్సింగ్‌కి పాలకూర అంతగా నప్పదని నా అభిప్రాయం. ఆకు పల్చన, బరువుకి అణిగిపోతుంది. రొమైన్, ఐస్‌బర్గ్ లాంటి గట్టి ఈనెలున్నవే దీనికి సరి. పాలకూర కావాలంటే నాలుగో వంతు దాటకుండా, వడ్డించేటప్పుడు పైన వేయండి.

250 గ్రాముల ఆకుకి డ్రెస్సింగ్ 100 గ్రాములు చాలు. సగం గిన్నె అంచుల చుట్టూ వేసి చేత్తో తిరగేసి, చూసుకుని మిగతాది వేయండి. కలిపాక ఆగకూడదు. ఉప్పు నీటిని లాగుతుంది, నూనె ఆకు మీది మైనపు పొరను దాటి లోపలికి పోతుంది. పావుగంటలో వాడటం సహజమే.

చట్నీజార్
రంగు గురించి ఒక మాట. మాసిపోవడానికి కారణాలు రెండు. ఆకు నలిగితే అందులోని ఎంజైములు గాలితో కలిసి నల్లబరుస్తాయి. నిమ్మరసం, పెరుగుల పులుపు పచ్చదనాన్ని మెల్లగా ఆలివ్ రంగులోకి మారుస్తుంది. మొదటిదానికి మందు ఉంది: కొత్తిమీర, పుదీనాలను మరిగే నీళ్లలో పది సెకన్లు ముంచి, వెంటనే ఐసు నీళ్లలో వేసి, గట్టిగా పిండి అప్పుడు రుబ్బడం. మర్నాటికీ పచ్చగానే ఉంటుంది. రెండోదాన్ని ఆపలేం, అందుకే నిమ్మరసం వడ్డించే ముందు.

మూటపెరుగు
చట్నీజార్ గారు, అది రంగుకి మంచిదే, కానీ కొత్తిమీర వాసన సగం ఆ నీళ్లలోనే పోతుంది. గంటలోపు తినేదానికి వద్దంటాను. పుదీనాకి మాత్రం చేయవచ్చు, నల్లబడేది ఎక్కువగా అదే.

చట్నీజార్
ఒప్పుకుంటానండీ, నిల్వకే అది. మయొనీస్ వద్దనుకోవడం కూడా మంచి నిర్ణయమే. పచ్చి గుడ్డుతో చేసే మయొనీస్ తయారీ, నిల్వ, అమ్మకాలను తెలంగాణలో 2024 అక్టోబరు 30 నుంచి ఏడాదిపాటు నిషేధించారు. ఈ తరహా పచ్చటి డ్రెస్సింగ్‌లలో పేరున్న గ్రీన్ గాడెస్‌కి మూలం శాన్ ఫ్రాన్సిస్కోలోని ప్యాలెస్ హోటల్. 1923లో నటుడు జార్జ్ ఆర్లిస్ గౌరవార్థం అక్కడి షెఫ్ ఫిలిప్ రోమర్ చేశాడు. అందులో మయొనీస్, ఆంకోవీ చేపలు, టారగాన్ అనే సువాసన ఆకు ఉంటాయి. ఆంకోవీ ఇచ్చే ఉప్పటి లోతు పెరుగు డ్రెస్సింగ్‌లో ఉండదు, చిటికెడు వేయించిన జీలకర్ర పొడి వేస్తే ఆ వెలితి కొంత తీరుతుంది.

పచ్చిఆకు
చాలా వివరంగా చెప్పారు, ధన్యవాదాలు. ఇంకో రెండు సందేహాలు. ఇప్పటికే పలచబడిన డ్రెస్సింగ్‌ని చిక్కబరచవచ్చా? ఆఫీసు డబ్బాలో పెడితే మధ్యాహ్నం దాకా ఆగుతుందా?

కూరలబుట్ట
పది పన్నెండు జీడిపప్పులు వేడినీళ్లలో అరగంట నానబెట్టి మెత్తగా రుబ్బి కలపండి, చిక్కబడుతుంది. పుట్నాల పొడి కూడా నీరు పీలుస్తుంది గానీ ఒక చెంచా పడితే రుచి ఇడ్లీ చట్నీ వైపు మళ్లుతుంది.

డబ్బాకి లెట్యూస్ విడిగా, మడిచిన పేపర్ టవల్ అడుగున వేసి. డ్రెస్సింగ్ చిన్న మూత డబ్బాలో. ఒకే డబ్బా అయితే అడుగున డ్రెస్సింగ్, దాని మీద ఉడికించిన శనగలు, వాటి మీద కీర, అన్నిటికన్నా పైన ఆకు. కుదపకుండా నిలువుగా తీసుకెళ్లాలి, తినేముందు వెడల్పాటి పళ్లెంలోకి బోర్లించి కలుపుకోవాలి. పెరుగు, పచ్చి ఆకు రెండూ చల్లగా ఉండాల్సినవే, ఆఫీసులో ఫ్రిజ్ లేకపోతే ఐసు ప్యాక్ ఉన్న సంచీ తప్పనిసరి. మిగిలిన డ్రెస్సింగ్ ఇంట్లో ఫ్రిజ్‌లో రెండు రోజులు. పైన తేట తేలితే వంచేయండి, కలపకండి.