ఆన్ చేసిన ప్రతిసారీ డి డ్రైవ్ చెకింగ్, ఆపడం ఎలా?

ప్రశ్న:
అన్నా, మాది నరసరావుపేటలో చిన్న జిరాక్స్ షాపు. సిస్టమ్‌లో విండోస్ 10. పది రోజులుగా పొద్దున్నే ఆన్ చేయగానే నల్ల స్క్రీన్ మీద డి డ్రైవ్ చెక్ చేయాలి, వద్దంటే 8 సెకన్లలో ఏదో ఒక కీ నొక్కమని వస్తోంది. నొక్కితే మామూలుగా ఓపెన్ అవుతుంది, మర్నాడు మళ్లీ అదే. ఒకరోజు వదిలేసి చూస్తే 11 శాతం దగ్గర ఇరవై నిమిషాలు కదల్లేదు, హాల్ టికెట్ల కోసం పిల్లలు బయట నిలబడి ఉన్నారు, టెన్షన్‌లో పవర్ బటన్ నొక్కి ఆపేశాను. ఇది అసలు రాకుండా చేయొచ్చా? మా పాప ఫొటోలన్నీ డి లోనే ఉన్నాయి.

జవాబు:
చేయొచ్చు. కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా ఓపెన్ చేసి సీహెచ్‌కేఎన్‌టీఎఫ్‌ఎస్ అని కలిపి కొట్టండి, స్పేస్, స్లాష్ ఎక్స్, స్పేస్, డి కోలన్, ఎంటర్. ఇక అడగదు. మళ్లీ మామూలుగా కావాలంటే అదే కమాండ్‌కి స్లాష్ డి.

జవాబు:
పై కమాండ్ పనిచేస్తుంది, కానీ దయచేసి ఇప్పుడే కొట్టకండి. డ్రైవ్‌లో రాత సరిగ్గా పూర్తి కాలేదని విండోస్ ఒక గుర్తు పెట్టుకుంటుంది, దాన్నే డర్టీ బిట్ అంటారు. చెకింగ్ చివరిదాకా జరిగితేనే ఆ గుర్తు పోతుంది. మీరు రోజూ కీ నొక్కి దాటేస్తున్నారు, ఒకసారి మధ్యలో ఆపేశారు, అందుకే పొద్దున్నే మళ్లీ వస్తోంది. స్లాష్ ఎక్స్ పెడితే అడగడం మానేస్తుంది, అంతే, గుర్తు అలాగే ఉంటుంది. 11 శాతం దగ్గర అంతసేపు ఆగిందంటే నాకు డిస్క్ మీదే అనుమానం. ముందు పాప ఫొటోలు వేరే డిస్క్‌లోకి కాపీ చేయండి, ఇవాళే. తర్వాత డిస్క్ ఆరోగ్యం చూపే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రామ్ వేసి కరెంట్ పెండింగ్ సెక్టార్ కౌంట్ (డిస్క్‌లో సరిగ్గా చదవలేకపోతున్న భాగాల లెక్క) అనే వరసలో రా వాల్యూ, అంటే అసలు అంకె, చూడండి. అన్నీ సున్నాలైతే రాత్రి షాపు కట్టేసే ముందు డ్రైవ్‌లో తప్పులు సరిచేసే చెక్‌డిస్క్ కమాండ్ (సీహెచ్‌కేడీఎస్‌కే) స్లాష్ ఎఫ్‌తో పెట్టి వదిలేయండి. సున్నా కాకపోతే అదే కమాండ్‌లో స్లాష్ ఆర్ జోలికి వెళ్లొద్దు, అది డిస్క్ మొత్తం చదువుతుంది, దెబ్బతిన్న డిస్క్ ఆ బరువు మోయలేదు. మా తమ్ముడి పెళ్లి ఫొటోలు నేను అలాగే పోగొట్టాను.

జవాబు:
నాకూ రోజూ వచ్చేది. పెండింగ్ సున్నానే, కానీ అదే ప్రోగ్రామ్‌లో సీఆర్‌సీ ఎర్రర్ కౌంట్ (కేబుల్‌లో డేటా వెళ్లేటప్పుడు వచ్చే తప్పుల లెక్క) పెరుగుతూ ఉండేది. డిస్క్‌ని మదర్‌బోర్డుకి కలిపే సాటా కేబుల్ మార్చాక ఆ అంకె పెరగడం ఆగింది, చెకింగ్ కూడా ఒక్కసారి పూర్తయ్యాక మళ్లీ రాలేదు. మీ దగ్గర కరెంటు పోతుంటే యూపీఎస్ బ్యాటరీ కూడా చూసుకోండి.

ప్రశ్న అడిగిన వ్యక్తి:
అన్నా, రాత్రే కాపీ పెట్టాను. పాప మొదటి పుట్టినరోజు ఫోల్డర్ దగ్గర చాలాసేపు ఆగింది, మూడు ఫొటోలు రాలేదు, మిగతావన్నీ వచ్చాయి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో పసుపు రంగు (జాగ్రత్త అని), పెండింగ్ దగ్గర సున్నా లేదు. స్లాష్ ఎక్స్ కొట్టలేదు. రేపు గుంటూరు వెళ్లి కొత్త డిస్క్ తెస్తున్నా, ఆ మూడు ఫొటోలు రాబట్టే దారి ఏదైనా ఉంటే చెప్పండి, అప్పటిదాకా పాతది తీసి పక్కన పెడతాను.