బావ ఇంట్లో సారా కాస్తానంటున్నాడు, ఎలా ఆపాలి?

మా బావ చాలాకాలం న్యూజిలాండ్‌లో ఉండొచ్చాడు. అక్కడ 1996 నుంచి సొంత వాడకానికి ఇంట్లో మందు కాచుకోవడం నేరం కాదు. ఇప్పుడా సరదా టెక్కలి దగ్గర మా ఊరి వంటింట్లో, గ్యాస్ పొయ్యి మీద మొదలెడతాడట. ఇక్కడ అది నాటుసారా కేసు బావా అంటే, "నేను అమ్మనుగా" అంటాడు!

కేసు సంగతి అలా ఉంచండి. ఆల్కహాల్ 78 డిగ్రీలకే మరుగుతుంది, ఎక్కడ చిన్న సందున్నా ఆ ఆవిరి మంటనందుకుంటుంది. గొట్టం పూడితే కుక్కరు పేలొచ్చు. చల్లార్చడానికి పాత కారు రేడియేటరు చాలంటాడు, దాని టంకంలో సీసం ఉంటుందంటే వినడు. మా పెదనాన్న ఒకరు, "వెలిగిస్తే నీలిమంట వస్తే మంచి సరుకేరా" అని వంత. సారాలో కలిసొచ్చే విషపు ఆల్కహాల్, మిథనాల్ మంటా నీలమే కదండీ! మొదటి చుక్కలు పారబోసినా మిథనాల్ పూర్తిగా పోదు.

కెమిస్ట్రీ తెలిసినవాళ్ళు, డాక్టర్లు ఎవరైనా ఉంటే బావకి ఎక్కేలా నాలుగు ముక్కలు రాయండి, చూపిస్తాను. సామాను ఎలాగూ కొనేశాడు కాబట్టి నిమ్మగడ్డి నూనె తీయడంలోకి మళ్ళిద్దామనుకుంటున్నాను. దానికి ఎలాంటి పాత్ర, ఎలాంటి గొట్టం వాడాలి?