ఎర్ర గులాబీ రేకుల నీడ ఎలా వేయాలి?

నమస్కారమండీ. మాది పర్లాకిమిడి. మా పెరట్లోని ఎర్ర గులాబీని వృక్షశాస్త్ర చిత్రంలా, అంటే చూడగానే మొక్క ఏదో పోల్చుకునేలా, నీటిరంగుల్లో వేస్తున్నాను. ఆకులు, ముళ్లు బాగానే వస్తున్నాయి. ఆకు కాడ మొదట్లో అంటుకుని ఉండే పత్రపుచ్ఛాలు, మొగ్గ కింది రక్షకపత్రాల అంచులు కూడా దగ్గరగా చూసి గీశాను. నాకైతే గులాబీ అందం సగం అక్కడే ఉంది.

చిక్కంతా రేకుల మడతల్లోని నీడతో. నలుపు కలిపితే మురికిగా అవుతోంది, ఆకుపచ్చ కలిపితే మెరుపు పోతోంది. 1817-24 మధ్య అచ్చైన, పూల చిత్రకారుడు రెడుటే వేసిన గులాబీల్లో నీడ కూడా ఎంత తేటగా ఉంటుందో! ఒక పొర ఆరాక ఇంకో పల్చటి పొర వేయాలా, తడి మీదే వేయాలా? అసలైన అలిజరిన్ క్రిమ్సన్ అనే ముదురు ఎరుపు వెలుతురుకి వెలిసిపోతుంది కాబట్టి క్వినాక్రిడోన్ ఎరుపు వాడుతున్నాను. ముదురు నీడకు దాంట్లో ఏ రంగు కలుపుతారు?

ఇక్కడి ఎండకు కోసిన పువ్వు త్వరగా వాడిపోతోంది, దానికీ ఏదైనా ఉపాయం చెప్పండి. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే) హాట్ ప్రెస్, అంటే నున్నటి కాగితం బరంపురంలోగానీ శ్రీకాకుళంలోగానీ ఎక్కడ దొరుకుతుంది?