రెప్ప అదురు తగ్గింది, కళ్లు బిగించే అలవాటు పోవడం లేదు

ఎడమ కన్ను కింది రెప్ప అదరడం మొదలై నెల దాటింది. నొప్పి లేదు, బుగ్గకో పెదవి కొసకో పాకలేదు. కాఫీ మానేసి, నిద్ర పెంచాక దాదాపు ఆగింది. అయితే దాన్ని ఆపడానికి కళ్లు గట్టిగా మూసి తెరిచేవాడిని. ఇప్పుడు అదురు లేకపోయినా అదే చేస్తున్నాను, సాయంత్రాలు మరీ ఎక్కువగా. అదురు నా అదుపులో ఉండేది కాదు. ఈ కళ్లు మూసి తెరవడాన్ని మాత్రం కాసేపు ఆపుకోగలను, కానీ లోపల ఒత్తిడి పెరిగి, వదలగానే వరుసగా నాలుగైదు సార్లు వస్తుంది. (కన్ను కొడుతున్నానని ఎవరైనా అనుకుంటే అదో తంటా.) కంటి డాక్టరు కళ్లు బాగానే ఉన్నాయన్నారు, చుక్కల మందుతో మార్పు లేదు. కళ్లు బిగించాలని అనిపించగానే చూపు కిందికి దించి నెమ్మదిగా ఊపిరి వదిలితే, ఒంటరిగా ఉన్నప్పుడు ఆగుతుంది. ఎవరితోనైనా మాట్లాడుతుంటే ఆ సంగతే గుర్తుండదు. ఇలాంటి అలవాటును వదిలించుకున్నవారు మాటల మధ్యలో దాన్ని ఎలా ఆపగలిగారు?