కోడ్ కామెంట్లలో స్పెల్లింగులు దిద్దాను, మా పెద్దాయన మాటాడ్డం మానేశారు. తప్పు నాదేనా?

కోట జంక్షన్ కుర్రోడు (విజయనగరం):

అన్నలూ అక్కలూ నమస్తే, కొంచెం పెద్ద పోస్టు, ఓపిక చేసుకుని చదవండి.

ఏడాది నుంచి ఇంటి దగ్గరే ఉండి ఒక చిన్న టీమ్‌లో పని చేస్తున్నాను, మొత్తం నలుగురం. పలాస కాశీబుగ్గ వైపు జీడి వ్యాపారులకి కొనుగోళ్ళు, బిల్లులు చూసే ప్రోగ్రాము, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసింది, కోడ్‌కి పదేళ్ళ వయసు. అందులో కామెంట్లు, అంటే మనుషులు చదువుకోడానికి కోడ్ మధ్యలో రాసే మాటలు, చూస్తే కళ్ళు తిరుగుతాయి. రిసీవ్‌లో ఈ, ఐ ఎక్కడ చూసినా తారుమారే, సెపరేట్ మధ్యలో ఏ బదులు ఈ, అకర్డ్‌కి (జరిగింది అనే మాట) ఒక ఫైల్లో ఆర్ తగ్గితే ఇంకో ఫైల్లో సీ తగ్గుతుంది. సగం కామెంట్లు ఇంగ్లిష్, సగం ఇంగ్లిష్ అక్షరాల్లో రాసిన తెలుగు, అక్కడక్కడా మన లిపే.

మొన్న శనివారం వాన, ఎటూ వెళ్ళే పని లేదు, ఎడిటర్‌లో స్పెల్ చెక్ ఎక్స్‌టెన్షన్ పెట్టి ఎర్రగీత కనబడిన ప్రతిదీ అది చూపించిన మాటతో మార్చుకుంటూ పోయాను. మొదటి గంట ఒక్కోటీ చదివాను, తర్వాత చదవలేదు, నిజం చెప్పేస్తున్నా. 212 ఫైళ్ళు, కోడ్ చరిత్ర దాచే గిట్‌లో ఒకటే కమిట్, అంటే ఒకటే మార్పుల మూట, మెసేజ్ "టైపోస్", అంతే. కామెంట్లే కదా రివ్యూ ఎందుకులే అని నేరుగా అందరూ వాడే మెయిన్ బ్రాంచిలోకి తోసేశాను.

సోమవారం పొద్దున్నే పెద్దాయన ఫోన్. ఆ కోడ్ మొదలెట్టింది ఆయనే, కాశీబుగ్గ మనిషి. "ఏటి బాబూ, రాత్రికి రాత్రి ఊరందరి గోడలకీ సున్నం కొట్టీసినావు, ఇప్పుడే గోడ ఎవుడిదో ఎలాగ తెలుస్తాది?" అన్నారు. ఏ లైను ఎవరు రాశారో చూపించే గిట్ బ్లేమ్ కొడితే ప్రతి కామెంటు పక్కనా నా పేరే. ఇంకో అన్న మూడు వారాలుగా విడి బ్రాంచిలో, అంటే కోడ్ విడి కాపీలో, చేస్తున్న పనికి 31 ఫైళ్ళలో కాన్‌ఫ్లిక్టులు, ఇద్దరం ఒకే లైన్లు మార్చడం వల్ల. ఇవన్నీ ఒక ఎత్తు, అసలు దెబ్బ వేరే ఉంది. ఇంగ్లిష్ అక్షరాల్లో "పిక్క బస్తా 80" అని ఉన్నదాన్ని ఎక్స్‌టెన్షన్ "పిక్" అంది, నేను సరే అన్నాను. "గోని 1" అని ఉంటే "గోయింగ్ 1" అయిపోయింది. జీడి పిక్కలు 80 కేజీల బస్తా లెక్కన కొంటారని, బస్తాకి గోనె బరువు ఒక కేజీ తీసెయ్యాలని ఆ రెండు ముక్కల్లోనే ఉంది, ఇంకెక్కడా లేదు. ఈ వైపు పుట్టి పిక్కంటే తెలీదా అని అడిగారు, ఏం చెప్తాను.

ఇప్పుడు మొత్తం రివర్ట్ కొట్టి పాత కోడే తిరిగి తెచ్చెయ్యాలా? అసలు రన్ అవ్వని కామెంట్లో స్పెల్లింగ్ దిద్దడం పనికొచ్చే పనేనా? పెద్ద ప్రాజెక్టుల్లో ఎలాగ చేస్తారు?

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం):

తమ్ముడూ, ముందు కంగారు తగ్గించుకో. పని మంచిదే, చేసిన తీరే బాగోలేదు.

కామెంట్ రన్ అవ్వదు సరే, కానీ దాన్ని వెతుకుతారు. లినక్స్ కెర్నెల్, అంటే ఆ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ, అందులో చిన్నాచితకా ప్యాచ్‌లు (మార్పులు) ఎలాంటివైతే తీసుకుంటారో ఒక జాబితా ఉండేది, అందులో ఒక రూల్ నాకు భలే నచ్చుతుంది: డాక్యుమెంటేషన్లో స్పెల్లింగ్ తప్పులు దిద్దొచ్చు, మిగతా చోట్ల గ్రెప్‌కి (ఫైళ్ళలో మాటలు వెతికే టూల్) దొరక్కుండా చేసే తప్పులు దిద్దొచ్చు. అంటే అందం కోసం కాదు, రిసీవ్ అని వెతికినవాడికి ఆ ఫంక్షన్ తగలాలి, అదీ లెక్క. కెర్నెల్ స్క్రిప్ట్స్ ఫోల్డర్లో స్పెల్లింగ్ అని ఒక టెక్స్ట్ ఫైలే ఉంది, తప్పు మాట, రెండు నిలువు గీతలు, ఒప్పు మాట, అలాగ వరసాగ్గా. ప్యాచ్ పంపేముందు చెక్‌ప్యాచ్ స్క్రిప్టు దాన్ని చూసి చెప్తుంది.

నువ్వు వాడిన ఎక్స్‌టెన్షన్‌తో వచ్చిన తంటా ఏంటంటే అది నిఘంటువులో లేని మాట ప్రతిదానికీ గీత పెడుతుంది. పిక్క ఇంగ్లిష్ నిఘంటువులో ఎక్కడుంటుంది? కోడ్‌స్పెల్ అని ఒక టూల్ ఉంది, అది దీనికి తిరగేసి పనిచేస్తుంది, జనం మామూలుగా చేసే తప్పుల జాబితా దాని దగ్గర ఉంటుంది, ఆ జాబితాలో ఉన్నదాన్నే పట్టుకుంటుంది, తెలీని మాట జోలికి పోదు. రస్ట్‌లో రాసిన టైపోస్ కూడా అదే పద్ధతి. అయినా సరే ఒక్కోటీ అడిగి మార్చే మోడ్‌లోనే పెట్టుకో, ఎందుకంటే ఇంగ్లిష్ అక్షరాల్లో రాసిన తెలుగు మాట ఎప్పుడో ఒకప్పుడు ఆ జాబితాలోని తప్పుతో కలిసే తీరుతుంది.

బ్లేమ్ సంగతి. గిట్ 2.23 నుంచి, అంటే 2019 ఆగస్టు నుంచి, బ్లేమ్‌కి ఇగ్నోర్ రెవ్ అని ఆప్షన్ ఉంది. పట్టించుకోవద్దన్న కమిట్ల హ్యాష్‌లు (కమిట్ గుర్తింపు నంబర్లు) ఒక ఫైల్లో రాసి కాన్ఫిగ్‌లో ఆ ఫైలు పేరు చెప్తే బ్లేమ్ వాటిని దాటేసి వెనకాల ఉన్న అసలు మనిషి దగ్గరికి పోతుంది. పేరు డాట్ గిట్ బ్లేమ్ ఇగ్నోర్ రెవ్స్ అని పెట్టి, మాటల మధ్య హైఫన్లు వేసి రూట్ ఫోల్డర్లో ఉంచితే గిట్‌హబ్ సైటు కూడా తనంతట తనే చదువుకుంటుంది. ఒక్కటి గుర్తుపెట్టుకో, కమిట్లన్నీ ఒకటిగా నొక్కి (స్క్వాష్) మెయిన్‌లో కలిపితే (మెర్జ్) హ్యాష్ మారిపోతుంది, అందుకే మెయిన్‌లో పడ్డాక అక్కడున్న హ్యాషే రాయాలి, ముందే రాసుకున్నావంటే అది ఎవరికీ చెందని నంబరు.

రివర్ట్ కొడితే మళ్ళీ ఆ లైన్లన్నీ రివర్ట్ కమిట్ పేరు మీదకి పోతాయి, కాబట్టి రెండు హ్యాష్‌లూ ఫైల్లో పెట్టు. చరిత్రనే తుడిచి రాసే ఫోర్స్ పుష్ ఆలోచన మాత్రం వద్దు, నలుగురున్న టీమ్‌లో ఇప్పటికే ముగ్గురికి కోపం.

సెమికోలన్ అక్క:

పైన చెప్పినవన్నీ కరెక్టే, నేను భయపడేది వేరే. "కామెంట్లే కదా" అన్నావు, అన్నీ కామెంట్లేనని చూసుకున్నావా?

మా పాత ఆఫీసులో ఒకబ్బాయి ఇలాగే ఉత్సాహంగా లాగ్ (ప్రోగ్రాం రాసుకునే డైరీ) మెసేజ్‌లో రిసీవ్‌డ్ స్పెల్లింగ్ సరిచేశాడు. ఆ తప్పు మాటనే పట్టుకుని లెక్కబెట్టే అలర్ట్ ఒకటి వేరే సర్వర్లో ఉంది. తొమ్మిది రోజులు ఆ అలర్ట్ మోగలేదు, అంతా బాగుందేమో అనుకుని మేం మైసూర్‌పాక్ కూడా తిన్నాం. స్క్రీన్ మీద కనబడే మాటలైతే ఇంకోటి, గెట్‌టెక్స్ట్ అనే అనువాదాల టూల్ వాడే చోట ఇంగ్లిష్ వాక్యమే తాళంచెవి, అందులో ఒక్క అక్షరం మార్చినా పాత అనువాదం ఫజ్జీ (అనుమానం) అయి పక్కకి పోతుంది, అప్పటిదాకా తెలుగు కనబడిన బటన్ మీద ఇంగ్లిష్ వచ్చి కూర్చుంటుంది.

కామెంట్ రూపంలో ఉండి కామెంట్ కానివీ ఉంటాయి. పైథాన్‌లో నోక్యూఏ, టైప్ ఇగ్నోర్ లాంటివి, కోడ్ తనిఖీ టూళ్ళకి ఈ లైను వదిలెయ్ అని చెప్పేవి. ఒరాకిల్ డేటాబేస్ ప్రశ్నల్లో (ఎస్‌క్యూఎల్) ఎలా వెతకాలో చెప్పే హింట్లు కామెంట్ లోపలే రాస్తారు, స్పెల్లింగ్ తప్పితే డేటాబేస్ ఏ ఎర్రరూ ఇవ్వదు, నోరెత్తకుండా వదిలేస్తుంది. ఇప్పుడు ఏళ్ళ తరబడి పనిచెయ్యని హింట్‌ని నువ్వు పుణ్యానికి పోయి సరిచేశావనుకో, అది నిద్రలేస్తుంది, క్వెరీ ప్లానే, అంటే డేటా వెతికే దారే, మారిపోతుంది. స్పెల్లింగ్ దిద్దినందుకు ప్రొడక్షన్ స్లో అయిందంటే ఎవరైనా నమ్ముతారా?

పైథాన్ అన్నావు కాబట్టి సులువు దారి ఉంది. మార్పుకి ముందు ఫైలూ తర్వాత ఫైలూ రెండిటినీ ఏఎస్‌టీ (పైథాన్ కోడ్‌ని అర్థం చేసుకున్న చెట్టు) డంప్ తీసి పోల్చు. కామెంట్లు అందులోకి రావు, కాబట్టి రెండూ ఒకటే ఉండాలి. తేడా వచ్చిందంటే స్ట్రింగో (కొటేషన్లలోని మాట), పేరో, డాక్‌స్ట్రింగో (ఫంక్షన్ వివరణ) ముట్టుకున్నావన్నమాట. నోక్యూఏలు మాత్రం దీనికి దొరకవు, అవి కళ్ళతో చూసుకోవాల్సిందే.

కోడ్‌లో పేర్ల సంగతి ఎత్తకు, అవి బయటివాళ్ళు వాడేస్తుంటే అంతే. వెబ్‌లో ఏ పేజీ నుంచి వచ్చామో చెప్పే రెఫరర్ హెడర్ చూడు, 1996 నాటి హెచ్‌టీటీపీ (వెబ్ నియమాలు) పత్రంలో ఒక ఆర్ తక్కువగా పడింది, ఈ రోజుకీ అదే, తర్వాత వచ్చిన రెఫరర్ పాలసీ హెడర్లో మాత్రం ఆర్‌లు సరిగ్గా ఉన్నాయి, రెండూ పక్కపక్కనే బతుకుతున్నాయి. యూనిక్స్‌లో ఫైలు తయారుచేసే క్రియేట్ కాల్ చివర ఈ లేదు. యూనిక్స్ మళ్ళీ రాస్తే ఏం మారుస్తారని దాన్ని తయారుచేసినవాళ్ళలో ఒకడైన కెన్ థాంప్సన్‌ని అడిగితే ఆ ఈ పెడతానన్నాడట.

ఊరకే అడిగా:

నేను ఒప్పుకోను. పదేళ్ళుగా ఆ కోడ్ ఆ తప్పులతోనే వ్యాపారుల డబ్బులు లెక్కపెడుతోంది కదా, ఎవరికి నొప్పి? ఇప్పుడు స్పెల్లింగ్ కమిట్లంటేనే జనానికి విసుగు. హాక్టోబర్‌ఫెస్ట్ గుర్తుందా, ఓపెన్ సోర్స్‌కి మార్పులు పంపితే బహుమతి ఇచ్చే పండగ, 2020 అక్టోబర్‌లో టీషర్టు కోసం రీడ్‌మీలో (ప్రాజెక్టు పరిచయం ఫైలు) ఒక మాట అటూ ఇటూ చేసి పంపేవాళ్ళ తాకిడికి ప్రాజెక్టులు చూసుకునే మెయింటెయినర్లు గగ్గోలు పెడితే ఆ నెలలోనే రూల్ మార్చాల్సొచ్చింది, ప్రాజెక్టువాళ్ళు ఒప్పుకుంటేనే లెక్కలోకి అని. ఏదో బగ్ కోసం ఆ ఫంక్షన్ తెరిచినప్పుడు పక్కనున్న కామెంట్ దిద్దుకో, పనిగట్టుకుని ఊరంతా ఎందుకు తిరగడం.

నాగావళి ఒడ్డు:

బావా, బగ్ ఫిక్స్‌లో స్పెల్లింగ్ కలిపితే రివ్యూ చేసేవాడి కళ్ళు పోతాయి, మూడు లైన్ల మార్పు వెతుక్కోడానికి నలభై లైన్లు చదవాలి. పాత రిలీజ్‌కి ఆ ఫిక్స్ ఒక్కటే తీసి పెట్టాలంటే (చెర్రీపిక్) స్పెల్లింగ్ ముక్క దగ్గరే కాన్‌ఫ్లిక్ట్ వస్తుంది. విడి కమిటే పెట్టాలి. ఎప్పుడు చెయ్యాలంటే, పక్కవాడి బ్రాంచి మెర్జ్ అయ్యాక.

ఆమదాలవలస ప్యాసింజర్:

అందరూ ఇంగ్లిష్ స్పెల్లింగే మాటాడుతున్నారు, తెలుగు లిపిలో ఉన్న కామెంట్ల మాటేంటి?

సాఫ్ట్‌వేర్ అన్న మాటే తీసుకోండి. ట‌కారం పొల్లు తర్వాత వకారం కిందకి వత్తుగా దిగిపోకుండా మధ్యలో కనబడని అక్షరం ఒకటి పడుతుంది, జీరో విడ్త్ నాన్ జాయినర్, యూనికోడ్‌లో 200సి. కొన్ని కీబోర్డులు వేస్తాయి, కొన్ని వెయ్యవు. ఒకడు వేసి రాశాడు, ఒకడు వెయ్యకుండా రాశాడు, గ్రెప్‌కి అవి రెండు వేరు మాటలు. నేను ఒకసారి పొద్దున్నుంచి మధ్యాహ్నం భోజనం దాకా ఒక కామెంట్ కోసం వెతికి, అది కళ్ళ ముందు తెరిచిన ఫైల్లోనే ఉందని తర్వాత చూసుకున్నాను. ఇంకొందరు సున్నకి బదులు ఇంగ్లిష్ చిన్న ఓ కొడతారు, కంటికి తేడా తెలీదు. మీ దగ్గర తెలుగు కామెంట్లు దిద్దాలంటే ముందు ఇవి చూడండి, వ్యాకరణం తర్వాత.

ఇంకోటి, ఏది తప్పు అన్నది కూడా ఆలోచించాలి. "తెలుస్తాది" అని కామెంట్లో ఉంటే "తెలుస్తుంది" అని దిద్దుతావా? వాడుక భాష కోసం జీవితమంతా కొట్లాడిన గిడుగు రామమూర్తి పుట్టింది మన పర్వతాలపేటలోనే, 1863 ఆగస్టు 29న, ఆ రోజునే తెలుగు భాషా దినోత్సవం చేస్తున్నాం. అక్కడికి కూతవేటు దూరంలో కూచుని "తెలుస్తాది" కింద ఎర్రగీత పెడితే ఎలా. అర్థమైతే చాలు, వదిలెయ్.

పేర్ల మీద అక్క చెప్పిన ముక్కకి మా స్టేషనే సాక్ష్యం. ఊరు ఆమదాలవలస, స్టేషన్ పేరు శ్రీకాకుళం రోడ్, కోడ్ చూస్తే సీహెచ్ఈ. తెల్లవాళ్ళు చికాకోల్ అనేవాళ్ళు కదా. బోర్డు మీద పేరు ఎంత చక్కగా రాసినా టికెట్ మీద కోడ్ అదే.

కోట జంక్షన్ కుర్రోడు:

అందరికీ దండాలు. జరిగింది చెప్తాను.

నాగావళి అన్న చెప్పినట్టు మొత్తం రివర్ట్ చేశాను, రెండు హ్యాష్‌లూ ఇగ్నోర్ ఫైల్లో పెట్టాను. మా టీమ్‌లో అన్న బ్రాంచి గురువారం మెర్జ్ అయ్యాక కోడ్‌స్పెల్ అడిగి మార్చే మోడ్‌లో పెట్టి ఇంగ్లిష్ కామెంట్లు మాత్రం దిద్దాను. ఈసారి 64 ఫైళ్ళే. మొదటిసారి మార్చిన 212లో మిగతావి ఏంటో తలుచుకుంటే భయమేసింది. అక్క చెప్పిన ఏఎస్‌టీ పోలిక నడిపితే రెండు ఫైళ్ళలో తేడా కొట్టింది, ఒకటి డాక్‌స్ట్రింగు, ఇంకోటి రసీదు మీద ప్రింటయ్యే మాట, దాన్ని మళ్ళీ పాత మాటకే మార్చేశాను. ఆ రసీదులో తప్పు స్పెల్లింగ్ వ్యాపారులకి అలవాటైపోయిందట, మారిస్తే ఇది నకిలీ బిల్లా అని అడుగుతారట.

పిక్క, గోని సంగతికి పెద్దాయనకి నేనే ఫోన్ చేశాను. ముందు పొడిపొడిగా మాటాడి తర్వాత గంటసేపు వదల్లేదు. పిక్క వేరు, పప్పు వేరు, గుండు వేరు, బద్ద వేరు, ఎవరెవరు తరుగు ఎలా తీస్తారు, అన్నీ చెప్పారు. నేను అవన్నీ రాసుకుని ఒక ఫైలు పెట్టాను, ఒక పక్క ఆ మాట, పక్కన దాని అర్థం, పనిలో పనిగా కోడ్‌స్పెల్‌కి వదిలెయ్యాల్సిన మాటల జాబితా కూడా అందులోంచే తీస్తున్నాను. 47 మాటలయ్యాయి. "సోంపేట లెక్క" అని ఒకచోట ఉంది, అది ఆయనకీ గుర్తు రాలేదు, అలాగే ఉంచాను.

చివర్లో ఆయనే అన్నారు, "రిసీవ్‌లో ఆ ఈ ఐల తప్పు నాది కాదు బాబూ, ముందు చేసిన కుర్రోడిది, ఆడికి ఇంగ్లిష్ రాదు" అని. ఇగ్నోర్ ఫైలు పనిచేస్తోందో లేదో చూద్దామని సాయంత్రం బ్లేమ్ కొట్టాను. బ్రహ్మాండంగా పనిచేస్తోంది. పదకొండు చోట్ల చూశాను, పదకొండూ ఆయన పేరే, 2015. ఫోన్ చెయ్యలేదు.