ఆరు ఇంప్లాంట్ల దవడకి నోటి స్కాన్ ఒక్కటే చాలదా?

బ్రాడీపేట డెంటిస్ట్: కింది దవడలో ఒక్క పన్నూ లేని పేషెంట్‌కి ఆరు ఇంప్లాంట్లు (ఎముకలో బిగించే కృత్రిమ వేర్లు) వేశాను. నోటి స్కాన్ తీసి ఫైల్ పంపితే, విజయవాడ ల్యాబ్ వాళ్లు ఓపెన్ ట్రే ఇంప్రెషన్ (కన్నాలున్న ట్రేలో మెటీరియల్ పెట్టి తీసే అచ్చు) కూడా కావాలంటున్నారు. మరి అప్పు చేసి స్కానర్ కొన్నది ఎందుకు, షోకేసులో పెట్టుకోవడానికా? ఫుల్ ఆర్చ్, అంటే దవడ మొత్తం, స్కాన్‌తోనే చేస్తున్నవాళ్లు చెప్పండి.

సూర్యారావుపేట ల్యాబ్: ఆ ల్యాబ్ మాదే డాక్టరు గారూ, దాచేదేముంది. ఒకటి రెండు పళ్ల కేసైతే మీ స్కాన్ కళ్లకద్దుకుని తీసుకుంటాం. ఇది ఈ చివర నుంచి ఆ చివర దాకా దవడ మొత్తం. స్కానర్ ఒక్కసారే ఫొటో తీయదు, చిన్న చిన్న ముక్కలు తీసి అతుకుతుంది. బట్టని మూరతో కొలిచినట్టన్నమాట. మూరకి వెంట్రుకవాసి జరిగినా చివరికి తేడా పోగవుతుంది. పళ్లుంటే అతుక్కోడానికి గుర్తులుంటాయి. వట్టి చిగురు నున్నగా, తడిగా ఉంటుంది, పైగా కదులుతుంది. కింద దవడైతే నాలుక కూడా అడ్డం.

కొత్తపేట పీజీ: స్కాన్ బాడీలు (స్కాన్ కోసం ఇంప్లాంట్ల మీద బిగించే గుర్తు ముక్కలు) పూర్తిగా కూర్చున్నాయో లేదో ఎక్స్‌రే తీశారా సార్?

బ్రాడీపేట డెంటిస్ట్: ఇంప్రెషన్‌లో మాత్రం తప్పులుండవా? మెటీరియల్ సాగుతుంది, ప్లాస్టర్ ఉబ్బుతుంది, అనలాగ్ (ఇంప్లాంట్ నకలు) బిగించేటప్పుడు అచ్చులోని కోపింగ్ ముక్క తిరుగుతుంది. నేను స్కానర్‌కి గుర్తులుండాలని స్కాన్ బాడీల మధ్య ఫ్లాస్ దారం కట్టి, మీద రెజిన్ పెట్టి స్కాన్ చేశా. ముందు పైనుంచి, తర్వాత నాలుక వైపు, ఆఖర్న పెదవి వైపు, ఎక్కడా ఆపలేదు. కాలిబ్రేషన్ కూడా ఆ రోజు పొద్దున్నే చేశా.

కొత్తపేట పీజీ: ఎక్స్‌రే?

బెంజ్ సర్కిల్ బాబాయ్: కుర్చీ మీద లైటు ఆపారా? ఆ వెలుగుంటే స్కాన్ సరిగ్గా రాదు.

పటమట అబ్బాయి: నేను డాక్టర్ని కాదు. మా అమ్మకి ఇలాగే స్కాన్ తీసి బ్రిడ్జి పెట్టారు. బిగించేటప్పుడు దవడ లాగేస్తోందంటే, నమలగా నమలగా సర్దుకుంటుందన్నారు. నాలుగు నెలలకి పప్పన్నం తింటుంటే స్క్రూ విరిగింది. ఇప్పుడు జావ తాగుతోంది. మైక్రాన్ల లెక్కలు మీరు చూసుకోండి.

బ్రాడీపేట డెంటిస్ట్: స్క్రూ విరిగితే తప్పు స్కాన్‌దే అవ్వాలా? రాత్రిళ్లు పళ్లు కొరికే అలవాటున్నా విరుగుతుంది.

పటమట అబ్బాయి: కొరకడానికి ఆవిడకి పళ్లెక్కడున్నాయి సార్, పై దవడ కట్టుడు సెట్టు, రాత్రి గ్లాసులో ఉంటుంది.

సూర్యారావుపేట ల్యాబ్: అమ్మగారు లాగుతోందన్నారంటే ఆ రోజే విప్పాల్సింది. సొంత పన్ను వేరు చుట్టూ మెత్తటి పొర ఉంటుంది కాబట్టి కాస్త జరిగి సర్దుకుంటుంది. ఇంప్లాంట్ ఎముకకే పట్టేసి ఉంటుంది, జరగదు. ఆ బిగువంతా స్క్రూ మీదే పడుతుంది. ఒక్క చివరి స్క్రూ బిగించి, రెండో చివర లేస్తోందేమో చూస్తే తెలిసిపోయేది. నిరుడు మా బల్ల మీద ఇలాంటి బ్రిడ్జి ఒకటి చూశాను. స్కాన్ నుంచి ప్రింట్ చేసిన మోడల్ మీద అచ్చుగుద్దినట్టు కూర్చుంది. తర్వాత ఇంప్రెషన్ తీయించి పోసిన మోడల్ మీద పెట్టి ఎడమ స్క్రూ తిప్పితే, కుడి కొస కింద గోరు దూరింది.

బ్రాడీపేట డెంటిస్ట్: ఆ ఇంప్రెషనే తప్పేమో! మీకు ప్లాస్టర్ కలపడం వచ్చు కాబట్టి ప్లాస్టరే దేవుడు. సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడం బద్ధకమై ఇదంతా.

సూర్యారావుపేట ల్యాబ్: మా కుర్రాళ్లు రాత్రి పన్నెండింటి దాకా ఆ సాఫ్ట్‌వేర్ ముందే ఉంటారు. బద్ధకమన్నారు గనక చెప్తున్నా. పోయినేడు మూడు ఫుల్ ఆర్చ్‌లు వెనక్కొచ్చాయి, మూడూ స్కాన్ కేసులే. మళ్లీ మిల్లింగ్, అంటే మెషీన్‌లో చెక్కడం, ఎవరి డబ్బు? మాది. 'ఫైల్ మంచిదే, మీరే చెడగొట్టారు' అంటారు. ఇంప్రెషన్ అడిగేది అందుకే. అది వద్దంటే వద్దు, జిగ్ (స్కాన్ కొలత సరిపోయిందో చూడ్డానికి ఇంప్లాంట్లన్నిటినీ కలిపి బిగించే చట్రం) ఒక్కటి నోట్లో బిగించి చూసి, కూర్చుందని రాసి పంపండి. ఆ తర్వాత తేడా వస్తే ఖర్చు నాది.

బ్రాడీపేట డెంటిస్ట్: అంటే మీకు కావాల్సింది కొలత కాదు, సంతకం.

సూర్యారావుపేట ల్యాబ్: రెండూ.

గవర్నర్‌పేట క్లినిక్: ఫోటోగ్రామెట్రీ (ఫొటోల నుంచి కొలతలు తీసే) కెమెరా కొంటే ఈ గొడవ ఉండదు. ఇంప్లాంట్ల స్థానాలన్నీ ఒకేసారి పడతాయి, చిగురు మాత్రం విడిగా స్కాన్ చేసుకోవాలి.

బ్రాడీపేట డెంటిస్ట్: స్కానర్ ఈఎంఐ తీరాక చూద్దాం. జిగ్ పెట్టాలంటే పేషెంట్ మాచర్ల నుంచి ఇంకోసారి రావాలి. ఒక్క సిట్టింగ్‌లో కొలత అయిపోతుందని చెప్పి ఒప్పించా, ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని ఫోన్ చెయ్యను?

కొత్తపేట పీజీ: సార్, ఎక్స్‌రే...

బ్రాడీపేట డెంటిస్ట్: నాలుగింటికి తీశానయ్యా. వెనక రెండింటికి ఎక్స్‌రే సెన్సర్ పెడితే ఆయనకి వాంతొచ్చింది.

సూర్యారావుపేట ల్యాబ్: ఆ వెనక రెండే కదా డాక్టరు గారూ చివరలు.